పాత కంప్యూటరులో తెలుగు అక్షరం

మనిషికి వృత్తి ఒకటి, వ్యాసంగం ఒకటి. వృత్తి వలన కూడు, గుడ్డ లభిస్తాయి. వ్యాసంగం వలన మనస్సుకు ఉల్లాసం కలుగుతుంది. ఆదివారం ప్రొద్దున హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోకి వెళ్ళి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. చెట్ల నీడలో నడిచేవారు కొందరు, క్రికెట్ ఆడే కుర్రవాళ్ళు కొందరు, పక్షులను గమనిస్తూ చిన్న పుస్తకంలో గుర్తులు వ్రాసుకొనేవారు కొందరు. ఇంకా కొందరు హాస్టలు గదులలో ఒక పాత యంత్రాన్ని విప్పి చుట్టూ కూర్చుంటారు. వెనుకటి తరంవారు రేడియోలను విప్పినట్లే, ఈ తరంవారు కంప్యూటర్లను విప్పుతున్నారు.

ఇట్లు విప్పుట కాలక్షేపం మాత్రమేనా? దీని వలన శాస్త్రజ్ఞానం కూడా అబ్బుతుందా? ఒక ఉదాహరణ తీసుకొని చూద్దాము.

ఒక ఇంటి సమస్య

ఆ విశ్వవిద్యాలయానికి ఆనుకొని ఉన్న పేట తార్నాక. ఒకప్పుడు అక్కడ తీగ కంచె వేసిన నాకా ఉండేదనీ, ఉర్దూలో తీగను 'తార్' అంటారు కాబట్టి ఆ పేరు వచ్చిందనీ చెప్పుకొంటారు. ఆ తార్నాకలో ఒక కుటుంబాన్ని ఊహించుకొందాము. అక్క విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చదువుతున్నది. తమ్ముడు పదవ తరగతి. ఇంట్లో నాన్నమ్మ ఉన్నది. తాతయ్య తెలుగు మాస్టారుగా పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత, 1998లో కంప్యూటరు కొని, తమ ఊరి సంగతులు, వంశ చరిత్ర, పొలం పనులలో వినిపించే సామెతలు అన్నీ తెలుగులో టైపు చేసి దాచినాడు. ఆయన ఇప్పుడు లేడు. యంత్రం అటకమీద ఉన్నది. ఆయన వ్రాత మాత్రం ఎవరో ఒకరు క్రొత్త ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించినారు.

ఒకనాడు తమ్ముడు దానిని తెరిచినాడు. తెరమీద ఒక్క తెలుగు అక్షరం లేదు. రోమన్ అక్షరాలు, ప్రశ్నార్థకాలు, నెత్తిన గుర్తులు పెట్టుకొన్న యూరపు అక్షరాలు కలగాపులగంగా కనబడినవి.

"మీ తాతయ్య మాటలు ఇందులో ఉన్నాయన్నావు గదరా, ఇవేనా?" అన్నది నాన్నమ్మ.

తాతయ్య వ్రాత చెడిపోయిందా? లేక అది అక్కడే ఉండి మనకు కనబడుట లేదా? ఈ రెండింటికీ భేదం చాలా ఉన్నది. ఈ భేదం తెలియక ఎన్నో ఇండ్లలో, కార్యాలయాలలో పాత వ్రాతలను పనికిరానివని తుడిచివేయుట జరుగుతుంది.

అక్షరం అంటే అంకె

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. ఆ అంకెలైనా మనం వ్రాసే పది అంకెలు కావు. దీపం వెలుగుట, ఆరుట అనే రెండే స్థితులు గల స్విచ్చి వంటిది దాని మూలాంశం. దీనిని బిట్ అంటారు. ఒక స్విచ్చితో 2 సంజ్ఞలు, రెండింటితో 4, మూడింటితో 8 సంజ్ఞలు చేయవచ్చు. ఎనిమిది స్విచ్చులు ఒక వరుసలో పెడితే 256 సంజ్ఞలు ఏర్పడుతాయి. ఈ ఎనిమిదింటి కట్టను బైట్ అంటారు.

దీనికి ఆ పరిసరాలలోనే ఒక చరిత్ర ఉన్నది. తార్నాక నుండి లాలాపేట, మౌలాలీ మీదుగా వెళ్ళే బస్సు ఎక్కితే ఈసీఐఎల్ చౌరస్తా వస్తుంది. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే ఆ ప్రభుత్వ సంస్థ 1967లో స్థాపించబడింది. దాని స్థాపనకు ప్రధాన కారకులు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన శ్రీ అయ్యగారి సాంబశివరావు (1914–2003). అక్కడి ఏ. ఎస్. రావు నగర్‌కు ఆయన పేరే పెట్టినారు. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంవారు రూపొందించిన టీడీసీ-12 అనే కంప్యూటరును 1969లో ఈ సంస్థ తయారుచేసింది. పేరులోని 12 అనే సంఖ్య ఆ యంత్రం ఒక్కసారి పట్టుకొనే బిట్ల సంఖ్యను తెలుపుతుంది. పన్నెండు స్విచ్చులతో ఎన్ని సంజ్ఞలు వస్తాయో విద్యార్థులు లెక్కించి చూడవచ్చు. రెండును పన్నెండుసార్లు హెచ్చవేస్తే 4096 వస్తుంది.

సంజ్ఞలు ఉన్నంత మాత్రాన చాలదు. ఏ సంజ్ఞ ఏ అక్షరానికో అందరూ ఒప్పుకొనవలెను. 1963లో అమెరికాలో అట్టి ఒప్పందం ఒకటి జరిగింది. దానిని ఆస్కీ అంటారు. దాని ప్రకారం రోమన్ లిపిలోని పెద్ద 'ఏ'కు 65, చిన్న 'ఏ'కు 97. ఇందులో మొత్తం స్థానాలు 128. తెలుగుకు ఒక్క స్థానమైనా లేదు.

అద్దె ఇంట్లో తెలుగు

1990లలో తెలుగులో అచ్చు పనిచేసేవారు దీనికొక ఉపాయం కనిపెట్టినారు. అంకెలను మార్చలేదు, వాటికి తొడిగే బొమ్మలను మార్చినారు. 65 వచ్చినప్పుడు రోమన్ 'ఏ' బొమ్మకు బదులు ఒక తెలుగు బొమ్మ వేసే అక్షరాల పెట్టెను తయారుచేసినారు. ఈ బొమ్మల పెట్టెను ఫాంట్ అంటారు.

అయితే ఒక చిక్కు వచ్చింది. తెలుగులో ముప్పదియారు హల్లులకు పన్నెండేసి గుణింత రూపాలు తీసుకొంటేనే 432 అవుతాయి. వత్తులు వేరు. బైట్‌లో ఉన్నవి 256 స్థానాలే, వాటిలోనూ కొన్ని యంత్రం సొంత పనులకు పోతాయి. అందుచేత తయారీదారులు అక్షరాలను ముక్కలు చేసినారు. తలకట్టు ఒక స్థానంలో, కొమ్ము ఒక స్థానంలో, వత్తు మరొక స్థానంలో పెట్టినారు. ఒక్కొక్క సంస్థ తనకు తోచినట్లు పెట్టింది. ఒక ఫాంటులో 'క' ఉన్న చోట మరొక దానిలో నకారపు వత్తు ఉండవచ్చు.

ఇక తాతయ్య వ్రాత సంగతి తేలింది. క్రొత్త ల్యాప్‌టాప్‌లోకి అంకెలు వచ్చినవి కాని, బొమ్మల పెట్టె రాలేదు. అందుచేత ల్యాప్‌టాప్ ఆ అంకెలకు తనకు తెలిసిన రోమన్ బొమ్మలను తొడిగింది. వ్రాత చెడలేదు, వేషం మాత్రమే మారింది.

అటకమీది యంత్రం

అయితే ఆ బొమ్మల పెట్టె ఎక్కడ ఉన్నది? అటకమీద ఉన్న పాత యంత్రంలో ఉన్నది. దానిని క్రిందికి దించి, తుడిచి, స్విచ్చి వేస్తే పంకా తిరిగింది కాని తెర వెలగలేదు. కూత మాత్రం వచ్చింది. ఇంట్లో పెద్దలు పాత సామాన్లవాడికి అమ్మివేయమన్నారు. అక్క మాత్రం హాస్టలులోని స్నేహితులను పిలిచింది.

ఇక్కడ గమనింపదగిన విషయం వారి పద్ధతి. అన్నిటినీ ఒకేసారి ఊడబెరకలేదు. పంకా తిరుగుతున్నది కాబట్టి కరెంటు వస్తున్నదని నిశ్చయించినారు. కూత వస్తున్నది కాబట్టి మదర్‌బోర్డు పూర్తిగా చావలేదు. జ్ఞాపకశక్తి పలక, అనగా ర్యామ్, సరిగా ఆనకపోతే కూత వస్తుందని వారిలో ఒకరికి తెలుసు. ప్లగ్గు ఊడదీసి, ఒంటిలోని స్థిరవిద్యుత్తు పోవుటకు పెట్టె లోహాన్ని ముట్టుకొని, ఆ పలకను మెల్లగా బయటికి తీసి, దాని అంచుననున్న లోహపు పట్టీలను పెన్సిలు రబ్బరుతో సున్నితంగా రుద్ది మరల పెట్టినారు. తెర వెలిగింది.

తేదీ మాత్రం ఎన్నో ఏండ్ల వెనుకకు పోయి ఉన్నది. ప్లగ్గు తీసినప్పుడు కూడా గడియారం నడిపించుటకు మదర్‌బోర్డు మీద బిళ్ళ ఆకారంలో 3 వోల్టుల ఘటం ఉంటుంది. అది నీరసించింది. అట్టివి వీధి చివర గడియారాల దుకాణంలోనైనా దొరుకుతాయి. పెద్ద సామగ్రి కావలసివస్తే కోఠీలోని గుజరాతీ గల్లీకో, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో వెళ్ళవలెను.

ఒక హెచ్చరిక అవసరం. కంప్యూటరుకు విద్యుత్తునిచ్చే పవర్ సప్లయి పెట్టెను, పాత గాజు బుడ్డి మానిటర్లను విద్యార్థులు విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా వాటిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

పాత యంత్రంలో తాతయ్య వ్రాత చక్కని తెలుగులో కనబడింది. అక్క మొదట చేసిన పని దానికి రెండు నకళ్ళు తీయుట. ప్రయోగమేదైనా నకలు మీదనే చేయవలెను, మూలం మీద చేయరాదు.

చెవి క్రమం, కంటి క్రమం

పాత యంత్రం ఎన్నాళ్ళు బ్రతుకుతుంది? దాని వ్రాతను నేటి పద్ధతిలోకి మార్చితేనే నిలుస్తుంది. ఆ నేటి పద్ధతి పేరు యూనికోడ్. ప్రపంచ భాషలన్నిటి లిపులకూ వేరువేరు అంకెలు కేటాయించిన ఒప్పందం ఇది. 1991లో వెలువడిన మొదటి రూపంలోనే తెలుగు ఉన్నది. తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు ఇచ్చినారు. 'క'కు 3093, 'ఖ'కు 3094, 'గ'కు 3095. ఇట్లే వర్గాక్షరాలు బడిలో వల్లించే వరుసలోనే నడుస్తాయి.

ఈ వరుస మన దేశంలోనే పుట్టింది. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరికనిచ్చే ఇస్కీ అనే పద్ధతి 1988లో సిద్ధమైంది. యూనికోడ్‌వారు దానిని అనుసరించినారు. అందుచేత ఒక తమాషా జరిగింది. దేవనాగరి 'క' 2325. దానికి 768 కలిపితే తెలుగు 'క' వస్తుంది. తెలుగు 'క'కు 128 కలిపితే కన్నడ 'క' 3221 వస్తుంది. మరొక తమాషా ఏమంటే, 'న' 3112 కాగా 'ప' 3114. నడుమ 3113 ఖాళీ. తమిళంలో రెండవ నకారం ఒకటి ఉన్నది. తమిళ వరుసలో ఈ స్థానం దానిది. తెలుగులో అట్టి అక్షరం లేదు కాబట్టి ఆ పీట ఖాళీగా ఉన్నది.

పేరున్న పాత ఫాంట్లకు మార్పిడి సాధనాలు ముందే ఉన్నవి. కాని తమ్ముడు తానే చేసి చూస్తానన్నాడు. పాత యంత్రంలోని బొమ్మను, క్రొత్త యంత్రంలోని అంకెను ప్రక్కప్రక్కన పెట్టుకొని పట్టిక వ్రాసినాడు. ఒకే విషయం రెండు లిపులలో చెక్కిన శాసనాన్ని చరిత్రకారులు చదివే పద్ధతి ఇదే. పట్టిక ప్రకారం అంకెలను మార్చుటకు అక్క పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసి ఇచ్చింది.

ఫలితం చూస్తే చాలా మాటలు బాగున్నవి. 'స్నేహం' అనే మాట మాత్రం విరిగింది. ఏత్వం ఒకచోట, నకారపు వత్తు మరొకచోట పడినవి. భాషాశాస్త్రం చదివే ఒక స్నేహితురాలు కారణం చెప్పింది.

కంటికి కనబడే క్రమం వేరు, చెవికి వినబడే క్రమం వేరు. పాత ఫాంటులో టైపు చేసేవారు ముందు 'సే' వేసి, తరువాత దానికి నకారపు వత్తు తగిలించేవారు. అది కంటి క్రమం. నోటితో పలికి చూస్తే సకారం, నకారం, ఆ తరువాత ఏత్వం వినబడుతాయి. యూనికోడ్ ఈ చెవి క్రమాన్ని పాటిస్తుంది. 'స్నేహం' దానిలో ఇట్లు ఉంటుంది:

3128 (స), 3149 (పొల్లు), 3112 (న), 3143 (ఏత్వం), 3129 (హ), 3074 (సున్న).

తమ్ముని ప్రోగ్రాము ఏత్వాన్ని 3149కి ముందే పెట్టింది. అందుచేత మాట విరిగింది. ఏత్వాన్ని పైన, వత్తును క్రింద ఎక్కడ అమర్చవలెనో చూచుకొనే పని యూనికోడ్‌లో అంకెలది కాదు, ఫాంటుది.

'అచ్చు గుర్తు తరువాత వత్తు వస్తే, గుర్తును వత్తుకు అవతల పెట్టు' అని ప్రోగ్రాములో ఒక నియమం చేర్చినారు. 'స్నేహం' అతికింది. కాని 'స్త్రీ' వచ్చేసరికి మరల విరిగింది. అక్కడ వత్తులు రెండు. 'ఎన్ని వత్తులు ఉన్నా అన్నిటికీ అవతల పెట్టు' అని నియమాన్ని సవరించినారు. ఊహించుట, పరీక్షించుట, తప్పు దొరికితే ఊహను సవరించుట, ఇదే శాస్త్ర పద్ధతి. ప్రయోగశాలలో ఒక ఫలితం కోసం రోజుల తరబడి ఆగవలసి రావచ్చు. కంప్యూటరు ముందు ఒక్క సాయంకాలంలో ఇరవైసార్లు తప్పు చేసి ఇరవైసార్లు దిద్దుకొనవచ్చు.

నాన్నమ్మ పట్టిన తప్పు

ఆదివారం సాయంకాలం వ్రాత మొత్తం సిద్ధమైంది. నాన్నమ్మ కళ్ళజోడు పెట్టుకొని చదువసాగింది. రెండవ పుటలో ఆగింది.

"ఒరే, ఇది మీ తాతయ్య వ్రాసింది కాదు," అన్నది.

"తాతయ్యదే, నాన్నమ్మా!"

"ఆయన తెలుగు మాస్టారురా. 'కథ' అని వ్రాస్తాడు గాని 'కధ' అని వ్రాయడు. ఈ తప్పుకే పిల్లలచేత వందసార్లు వ్రాయించేవాడు."

తమ్ముడు పట్టిక తీసి చూచినాడు. పాత ఫాంటులో 'థ'కు, 'ధ'కు వేరువేరు స్థానాలు ఉన్నవి. బొమ్మలు దగ్గరగా ఉండుటచేత అతడు రెండింటికీ 'ధ' అనే వ్రాసినాడు. యూనికోడ్‌లో 'థ' 3109, 'ధ' 3111. పట్టికలో ఒక్క వరుస దిద్దగానే పుస్తకమంతటా ఉన్న 'కథ'లు, 'రథం', 'తీర్థం' అన్నీ ఒక్కసారిగా సరియైనవి. అంత శ్రద్ధతో చేసిన ప్రోగ్రాముకు తెలియని తప్పు, భాష తెలిసిన మనిషి కంటికి తెలిసింది. యంత్రం అంకెలను తప్పులేకుండా మోస్తుంది. మోసే అంకె సరియైనదో కాదో చెప్పవలసినది మనిషే.

తీరిక వేళల తెలుగు

ఇట్టి పని ఒక ఇంటికి పరిమితమైనది కాదు. కంప్యూటరులో తెలుగు నిలదొక్కుకొనుటలో తీరిక వేళల శ్రమకు పెద్ద పాలు ఉన్నది. 1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు, రోమన్ అక్షరాలతో తెలుగు వ్రాసి దానిని తెలుగు లిపిలోకి మార్చే పద్ధతిని రూపొందించినారు. వృత్తిచేత వైద్యులైన శ్రీ తిరుమల కృష్ణదేశికాచార్యులు 'పోతన', 'వేమన' అనే యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చినారు. శ్రీ వెన్న నాగార్జున పాత ఫాంట్ల వ్రాతను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే సాధనాన్ని రచించినారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినవారు కూడా వారే. హైదరాబాదులో 'స్వేచ్ఛ' అనే సంస్థవారు, ఎవరైనా లోపలికి చూచి మార్చుకొనదగిన కంప్యూటరు వ్యవస్థను తెలుగులో అందించుటకు పూనుకొన్నారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైనది. శాస్త్ర గ్రంథాలు ఆ భాషలో లేకపోవుటచేత, వాటిని అనువదించుటకు అంతకు ముందు సంవత్సరమే ఒక అనువాద శాఖను ఏర్పాటుచేసినారు. ఒక భాష ఒక శాస్త్రంలోనికి తనంతట తాను ప్రవేశించదు. ఎవరో ఒకరు కూర్చుండి, మాట వెంట మాటగా, అక్షరం వెంట అక్షరంగా దానిని లోపలికి తీసుకొని పోవలెను. అనువాదకుల పట్టికకు, తమ్ముని పట్టికకు ఈ విషయంలో పోలిక ఉన్నది.

తరగతిలో చేయదగిన ప్రయోగం

దీనికి కంప్యూటరు కూడా అక్కరలేదు. ఉపాధ్యాయులు నల్లబల్ల మీద 'క' 3093 అని వ్రాసి, వర్గాక్షరాలకు వరుసగా అంకెలు వేయుమనవచ్చు. 'న' దగ్గర 3112 వచ్చిందో లేదో సరిచూడమని, తరువాతి ఖాళీని గుర్తుచేయవలెను. పిమ్మట 'ల' 3122 అనీ, కొమ్ముకు 3137, ఎత్వానికి 3142 అనీ చెప్పి, ఈ ఆరు అంకెలను చదువుమనవలెను:

3108, 3142, 3122, 3137, 3095, 3137.

చదివిన పిల్లలను మరొక ప్రశ్న అడుగవచ్చు. మీ ఇంట్లో పాత ఫ్లాపీలలోనో, డిస్కులలోనో పెద్దలు వ్రాసినవి ఏమైనా ఉన్నవా? ఉంటే వాటిని పారవేయక ముందు నకలు తీయించవలెను. ఆ తరువాత వాటిని చదివి వినిపింపుమని ఇంట్లోని పెద్దవారిని దగ్గర కూర్చుండబెట్టుకొనవలెను. ఎక్కడ 'కథ' 'కధ' అయినదో వారు చెబుతారు.